భయాన్ని తీసేశాం, సిగ్గుని ఉంచేశాం: బాసెల్ కమిటీకి బహిరంగ లేఖ

బాసెల్ బ్యాంకింగ్ పర్యవేక్షణ కమిటీ సభ్యులకు,

నమస్కారం.

రిజర్వ్ బ్యాంకు తరఫున వచ్చే అధికారుల్లో ఎవరైనా తెలుగువాళ్ళుంటే తప్ప ఈ ఉత్తరం మీలో ఎవరూ చదవలేరు. ఆ సంగతి తెలిసే మీ పేరు మీద రాస్తున్నాను, నష్టాలు తట్టుకోవడానికి దేశదేశాల బ్యాంకులు ఎంత సొంత డబ్బు, అంటే మూలధనం, ఉంచుకోవాలో ప్రమాణాలు రాసేది మీరే కాబట్టి. ముప్పై ఏళ్ళు బ్యాంకులో అప్పుల ఫైళ్ళు చూశాను. ఏ అప్పుకి ఎంత మూలధనం పక్కన పెట్టాలో, ఏ తాకట్టుని ఎంతవరకు నమ్మాలో చెప్పే సర్క్యులర్లు మాకు హెడ్డాఫీసు నుంచి వచ్చేవి. హెడ్డాఫీసుకి కేంద్ర బ్యాంకు నుంచి వచ్చేవి. కేంద్ర బ్యాంకు మీ వైపు చూసేది. మీ నిర్ణయాలకి చట్టబలం లేదని మీరే చెప్పుకుంటారు. నిజమే. కానీ 28 దేశాలు, ప్రాంతాల నుంచి 45 సంస్థలు ఒక చోట కూర్చుని ఒప్పుకున్న అంకెని పక్కన పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? నా టేబుల్ మీద నేను నింపిన ఫారాల్లో మీ చెయ్యి ఉంది.

ఏదైనా మార్పు తలపెట్టినప్పుడు మీరు ముసాయిదా పెట్టి అందరి అభిప్రాయాలూ అడుగుతారు. వచ్చిన ఉత్తరాలు చూస్తే ఎక్కువ భాగం బ్యాంకులవి, బ్యాంకుల సంఘాలవి. అప్పు కౌంటరుకి అవతల కూర్చున్న మనిషి గురించి అందులో పెద్దగా ఉండదు. ఆ మనిషి ఎదురుగా కూర్చున్నవాడిగా నాకు తెలిసింది చెప్తాను.

ఒకే రోజు నా దగ్గరికి రెండు ఫైళ్ళు వచ్చాయి. ఒకటి చిన్న వర్క్‌షాపు నడిపే అతనిది. పంపులకి విడిభాగాలు చేసేవాడు. ఏడాదిన్నరకి సరిపడా ఆర్డర్లు చేతిలో ఉన్నాయి. ఉన్న లేత్ మెషిన్ పాతదైపోయింది, రోజుకి రెండుసార్లు ఆగుతోంది, కొత్తది కొనాలి. రెండో ఫైలు ఒక ఉద్యోగిది. సొంత ఇల్లు ఉంది, ఇంకో ఫ్లాట్ కొందామనుకుంటున్నాడు. ఇద్దరూ అడిగింది ఇంచుమించు ఒకటే మొత్తం. ఫ్లాట్ ఫైలు నాలుగు రోజుల్లో పాసైంది. మెషిన్ ఫైలు నాలుగు నెలలు తిరిగింది. ఇంకో ఏడాది లెక్కలు తెమ్మన్నారు, ఇంకో గ్యారంటర్‌ని తెమ్మన్నారు, ఆర్డర్ ఇచ్చిన కంపెనీ నుంచి ఉత్తరం తెమ్మన్నారు. చివరికి అతను విసిగిపోయి ఇంటి కాగితాలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. వారంలో డబ్బు చేతికొచ్చింది. అదే మనిషి, అదే మెషిన్, అవే ఆర్డర్లు. కాగితాలు కనపడగానే మా బ్యాంకుకి అతని మీద ఎక్కడలేని నమ్మకం పుట్టుకొచ్చింది.

మా మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆయన చేతిలో ఉన్న లెక్క అలాంటిది. 1988లో మీరు తెచ్చిన మొదటి ఒప్పందంలో వ్యాపారానికి వంద అప్పిస్తే ఎనిమిది మూలధనం చూపించాలన్నారు. ఇంటి తాకట్టు మీద ఇస్తే రిస్క్ వెయిట్, అంటే అప్పులో ఎంత భాగానికి మూలధనం లెక్కగట్టాలో చెప్పే శాతం, 50 మాత్రమే, కాబట్టి నాలుగు చాలు. 2004 నాటి రెండో ఒప్పందంలో ఆ 50ని 35 చేశారు. అప్పుడు 2.80 చాలు. పెద్ద బ్యాంకులు సొంత మోడళ్ళతో రిస్క్ లెక్కగట్టుకోవచ్చన్నారు, అక్కడ ఇంకా కిందకి దిగింది. ఒక వ్యాపార అప్పుకి కావలసిన మూలధనంతో ఇళ్ళకైతే దాదాపు మూడు అప్పులు ఇవ్వొచ్చు. లాభం చూపించాల్సిన మేనేజరు ఎటు మొగ్గుతాడో చెప్పడానికి ఎకనామిక్స్ చదవక్కర్లేదు.

ఒక్కో అప్పునీ విడిగా చూస్తే మీ లెక్కని తప్పుపట్టలేను. ఇల్లు ఎక్కడికీ పారిపోదు. మనిషి మిగతావన్నీ ఎగ్గొట్టాకే ఇంటి వాయిదా ఎగ్గొడతాడు, ఇది నా అనుభవం కూడా. చిక్కల్లా బ్యాంకులన్నీ కలిసి ఒకే దోవలో పరిగెత్తడంతో వస్తుంది. అప్పు తేలిగ్గా దొరుకుతోంది కాబట్టి ఇంటి ధర పెరుగుతుంది. ధర పెరుగుతోంది కాబట్టి అప్పు భద్రంగా కనిపిస్తుంది. భద్రంగా కనిపించింది కాబట్టి ఇంకా ఇస్తారు. ఈ గిరగిరల్లో కొత్తగా తయారైన వస్తువు ఒక్కటీ ఉండదు. ఉన్న ఇల్లే చేతులు మారుతుంది, వెనక అప్పు మాత్రం పెరుగుతూ పోతుంది. జోర్దా, షూలరిక్, టేలర్ అనే ఆర్థికవేత్తలు 17 సంపన్న దేశాల బ్యాంకు లెక్కలు వందేళ్ళకు పైగా వెనక్కి తవ్వి చూశారు. 1900 ప్రాంతంలో బ్యాంకులిచ్చే అప్పుల్లో మూడో వంతు దగ్గర ఉన్న ఇంటి, స్థలం తాకట్టు అప్పులు ఈ మధ్య కాలానికి సగం దాటిపోయాయి. ఈ మొగ్గుని మీరు పుట్టించలేదు. ఉన్న ఏటవాలుకి నూనె రాశారు.

దీనివల్ల దేశాలకి ఏమైందో చూడటానికి ఐర్లండ్ చాలు. 2007లో ఆ ప్రభుత్వానికున్న అప్పు దేశ స్థూల ఉత్పత్తిలో 24 శాతం. ఇంత పొదుపైన ప్రభుత్వం మరొకటి లేదని అప్పట్లో మెచ్చుకునేవారు. అప్పులన్నీ ఇళ్ళ మీదా, స్థలాల మీదా, బ్యాంకుల పుస్తకాల్లో ఉన్నాయి. 2008 సెప్టెంబరులో ఒక రాత్రి ప్రభుత్వం ఆరు బ్యాంకుల బాకీల్లో దాదాపు అన్నిటికీ హామీ పడింది. 2012 నాటికి ప్రభుత్వ అప్పు 120 శాతానికి చేరింది. 2010లో ఒక్క ఏడాది బడ్జెట్ లోటే స్థూల ఉత్పత్తిలో 32 శాతం, అందులో సింహభాగం బ్యాంకుల గుంతలు పూడ్చడానికే. స్పెయిన్‌దీ ఇదే వరస. సంక్షోభానికి ముందు స్పెయిన్ ప్రభుత్వ అప్పు జర్మనీ ప్రభుత్వ అప్పు కంటే బాగా తక్కువ. పైగా మంచి రోజుల్లోనే నష్టాలకి కేటాయింపులు చేసుకునే పద్ధతిని స్పెయిన్ కేంద్ర బ్యాంకు 2000లోనే పెట్టింది, అంత ముందుచూపు ఇంకెవరికీ లేదు. ఆ కేటాయింపులు మొదటి దెబ్బకి అడ్డం పడ్డాయి, స్థలాల మీద ఇచ్చిన అప్పుల బరువుకి సరిపోలేదు. దేశం ఎంత తట్టుకోగలదో ప్రభుత్వ అప్పుని చూసి అంచనా వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు తప్పు పుస్తకం తెరిచి చూస్తున్నారు.

ఇక మీ పుస్తకాల్లో ఎక్కడా కనపడని ఒక నిల్వ గురించి.

తెలుగులో 'అప్పు' అనే మాట ఉంది, 'లోన్' అనే మాట ఉంది. నిఘంటువులో రెండూ ఒకటే. వాడకంలో ఒకటి కాదు. "అప్పు చేశాను" అనేటప్పుడు మనిషి గొంతు తగ్గుతుంది. "లోన్ వచ్చింది" అనేటప్పుడు పెరుగుతుంది. మొదటి దాంట్లో చేసింది తను. రెండో దాంట్లో అదేదో బహుమతి వచ్చినట్టు వచ్చి పడింది. అప్పు చేసి పప్పు కూడు అని ఎగతాళి చేసిన భాష ఇదే. జర్మన్‌లోనైతే అప్పుకీ తప్పుకీ ఒకటే మాటట, షుల్డ్. మన 'రుణం' ఇంకో దోవ, తల్లిదండ్రులకి తీర్చుకోవాల్సిందీ రుణమే, షావుకారుకి తీర్చాల్సిందీ రుణమే. ప్రతి భాషా అప్పు చుట్టూ ఒక కంచె కట్టుకుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కంచె గట్టిగానే ఉండేది. అప్పు తీసుకునేవాడు రెండుసార్లు వచ్చి అడిగి, మూడోసారి వచ్చి సంతకం పెట్టేవాడు. వాయిదాలన్నీ కట్టేశాక 'బాకీ లేదు' అనే కాగితం మీద స్టాంపు సరిగా పడకపోతే ఇంకోసారి వేయమని అడిగేవాళ్ళు. తర్వాత మాకు ట్రైనింగులు మొదలయ్యాయి. కస్టమర్‌తో అప్పు అనే మాట వాడొద్దన్నారు. 'సదుపాయం' అనండి, 'లిమిట్ పెంచాం' అనండి, 'మీకోసం ముందే మంజూరైంది' అనండి. నేనూ అన్నాను. ఫోన్‌లో ఆ స్క్రిప్టు చదివిన గొంతుల్లో నాదీ ఒకటి.

అప్పంటే జనానికున్న ఆ జంకు దేశానికి ఒక మూలధనం లాంటిది. ఎవరూ లెక్కగట్టలేదు కానీ, చెడ్డ ఏడాది వచ్చినప్పుడు దెబ్బని మొదట తట్టుకునేది అదే. వాయిదాల్లేని కుటుంబం జీతం ఆగినా మూడు నెలలు లాగుతుంది. ఇరవై ఏళ్ళపాటు మేం ఆ నిల్వని లాభాల కింద మార్చుకుని ఖర్చు పెట్టేశాం. ఏ ఆడిటరూ అడగలేదు.

భయం అప్పు చేయకముందు ఉండేది. అది పనికొచ్చేది. సిగ్గు అప్పు చేశాక, వాయిదా తప్పాక వచ్చేది. అది ఎవరికీ పనికిరాదు. మేం భయాన్ని పోగొట్టాం, సిగ్గుని మాత్రం అలాగే ఉంచేశాం.

ఒక కస్టమరుండేవాడు. పదేళ్ళు వాయిదా ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. కంపెనీ మూతపడి ఉద్యోగం పోయింది. ఆ సంగతి మాకు చెప్పలేదు. ఒక కార్డు మీద తీసి ఇంకో కార్డుకి కట్టాడు, అది నిండాక ఫోన్‌లో దొరికే చిన్న అప్పులు తీసుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఇంటి అప్పు ఖాతా 90 రోజులు దాటిపోయింది. "ముందే రావాల్సింది సార్, మొహం చెల్లలేదు" అన్నాడు. మొదటి నెలలోనే వచ్చి ఉంటే గడువు పెంచి వాయిదా తగ్గించేవాళ్ళం. 91వ రోజున కంప్యూటరు ఖాతాని మొండి బాకీల్లో వేసి రంగు మార్చేసింది, నా చేతుల్లో ఏమీ లేదు. అతను పారిపోయే రకం కాదు. దాక్కున్నాడంతే. మంచివాళ్ళే ఎక్కువగా దాక్కుంటారు, ఇది కూడా నా అనుభవమే.

సిగ్గు బ్యాంకులకీ ఉంటుంది. మనిషి దాక్కున్నట్టే బ్యాంకూ దాచుకుంటుంది. జపాన్‌లో 1990ల్లో భూముల ధరలు కూలాక, తీర్చలేరని తెలిసిన కంపెనీలకే బ్యాంకులు కొత్త అప్పులిచ్చి పాత అప్పుల మీద వడ్డీ కట్టించుకున్నాయి. పుస్తకంలో ఖాతా పచ్చగానే ఉండేది. 1997 నవంబరులో హొక్కైడో తకుషోకు బ్యాంకు, యమాయిచి సెక్యూరిటీస్ ఒకే నెలలో కుప్పకూలాక గానీ నిజం బయటపడటం మొదలవలేదు. భారతదేశంలో 2015లో రిజర్వ్ బ్యాంకు ఖాతాల నాణ్యత మీద ప్రత్యేక తనిఖీ పెట్టింది. అప్పటిదాకా అదుపులో ఉన్నట్టు కనిపించిన మొండి బాకీలు 2018 మార్చి నాటికి 11 శాతం దాటాయి. తనిఖీ వల్ల బాకీలు పుట్టలేదు, తెర తొలగిందంతే. 2016లో వచ్చిన దివాలా చట్టం కంపెనీలకి ఒక తలుపు తెరిచింది. మామూలు మనిషి దివాలాకి సంబంధించిన భాగం మాత్రం, గ్యారంటీ ఇచ్చినవాళ్ళకి తప్ప, అమలులోకి రాలేదు. అతనికి ఇంకా 1909, 1920 నాటి చట్టాలే దిక్కు. కంపెనీకి దివాలా అంటే ఒక ప్రక్రియ. మనిషికి అదొక తిట్టు.

పోగొట్టిన భయం ఎప్పటికైనా తిరిగొస్తుంది, వచ్చేటప్పుడు హద్దు మీరి వస్తుంది. మళ్ళీ జపానే చూడండి. 1999లో వడ్డీ రేటు సున్నాకి దించినా కంపెనీలు అప్పు ముట్టుకోలేదు. లాభాలన్నీ పాత బాకీలు తీర్చడానికే వాడుకుని, అవి తీరాక కూడా డబ్బు కూడబెడుతూ కూర్చున్నాయి. 1989 చివరి ట్రేడింగ్ రోజున టోక్యో షేర్ల సూచీ చేరిన ఎత్తుని మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. అప్పుల వల్ల కూలిన దేశం, తర్వాత ఎవరూ అప్పు చేయక లేవలేకపోయింది. నేను అప్పుకి శత్రువుని కానని చెప్పడానికే ఈ మాట ఎత్తాను. వర్క్‌షాపు అతను భయపడి ఆ మెషిన్ కొనకుండా ఉండిపోతే ఎవరికి లాభం?

మరి ఆ కంచెని రూల్స్‌తో కట్టొచ్చా? హాంకాంగ్ కట్టింది. 1991 నుంచి అక్కడి బ్యాంకులు ఇంటి విలువలో 70 శాతానికి మించి అప్పివ్వడం మానేశాయి. మిగతా 30 శాతం కొనేవాడే తెచ్చుకోవాలి. 1997 నుంచి 2003 మధ్య అక్కడ ఇళ్ళ ధరలు 60 శాతానికి పైగా పడిపోయాయి. 60 శాతం! అప్పుకన్నా ఇంటి విలువే తక్కువైపోయిన కుటుంబాలు లక్ష దాటాయి. అయినా వాయిదా తప్పిన ఇంటి అప్పులు 1.5 శాతం దాటలేదు. ఇళ్ళ అప్పుల వల్ల మునిగిన బ్యాంకు లేదు. సొంతంగా 30 శాతం తెచ్చుకోగలిగినవాడు అప్పటికే పొదుపు అలవాటున్నవాడు, మునుపు భయం చేసే వడపోతని అక్కడ ఆ రూల్ చేసింది. అదే కాలంలో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ అనే బ్యాంకు ఇంటి విలువకి 125 శాతం దాకా అప్పిచ్చే పథకం నడిపింది. 2007 సెప్టెంబరులో దాని బ్రాంచీల ముందు క్యూలు కట్టిన డిపాజిటర్ల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. విచిత్రమేమిటంటే మీ రెండో ఒప్పందం లెక్కల్లో ఆ బ్యాంకుకి మూలధనం కొరతే లేదు.

కాలిన తర్వాత ఐర్లండ్ కూడా 2015లో ఆదాయానికి మూడున్నర రెట్లు మించి ఇంటి అప్పు ఇవ్వకూడదని మామూలు పరిమితి పెట్టింది. 2023లో మొదటి ఇల్లు కొనేవాళ్ళకి దాన్ని నాలుగు రెట్లకి సడలించారు. ఇలాంటి సడలింపులు చాలాసార్లు ధరలు పెరుగుతున్నప్పుడే వస్తాయి.

2017లో మీరు చేసిన సవరణల్లో ఇంటి అప్పు విలువలో ఎంత శాతమో చూసి రిస్క్ వెయిట్ మార్చడం మంచి పని. సగం లోపు అప్పుకి 20 శాతం, విలువని మించిన అప్పుకి 70 శాతం. కానీ ఆ విలువని కొలిచేది అప్పిచ్చిన రోజున. ఆ రోజే ధర ఉబ్బి ఉంటే? నిలబడని ధరని సవరించి కొలవమన్నారు గానీ ఎంత తీసేయాలో అంకె రాయలేదు. ధరలో వచ్చిన ఉబ్బు సగమైనా తీసేయమని అనొచ్చు కదా. ఆదాయంలో వాయిదాల వాటా ఎంతన్నది కూడా వెయిట్‌లోకి రావాలి. ఇల్లు వాయిదా కట్టదు, జీతం కడుతుంది.

సిగ్గు సంగతికొస్తే, నాకు బాగా నచ్చిన బ్యాంకింగ్ రూలు దాదాపు 3,750 ఏళ్ళ కిందటిది. బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాన్ని నల్లరాతి స్తంభం మీద చెక్కించాడు, అదిప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో 48వ సూత్రం ఇది: వడ్డీకి అప్పు తెచ్చుకున్న రైతు పొలాన్ని వరద ముంచినా, నీళ్ళు లేక పంట పండకపోయినా, ఆ ఏడాది అతను అప్పిచ్చినవాడికి ధాన్యం కొలవక్కర్లేదు. ఒప్పందం రాసిన మట్టి పలకని తడిపి మార్చుకోవచ్చు. ఆ ఏడాదికి వడ్డీ కూడా లేదు. పలకని తడపడం అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బతిమాలడం లేదు, దాక్కోవడం లేదు, 91వ రోజు లేదు. నష్టంలో అప్పిచ్చినవాడి వాటా ఎంతో మొదటి రోజే రాసి ఉంది.

పాత కథ అని కొట్టిపారేయకండి, డెన్మార్క్‌లో ఇప్పుడు నడుస్తున్నది ఒక రకంగా ఇదే. 1795లో కోపెన్‌హాగెన్ తగలబడ్డాక ఇళ్ళు మళ్ళీ కట్టుకోవడానికి పుట్టిన తాకట్టు సంఘాలు పెరిగి పెరిగి ఈనాటి పద్ధతైంది. అక్కడ ప్రతి ఇంటి అప్పు వెనకా దానికి సరిపోలే బాండు, అంటే మదుపుదారులకి అమ్మే అప్పు పత్రం, ఉంటుంది, బజారులో దానికో ధర ఉంటుంది. వడ్డీ రేట్లు పెరిగితే బాండు ధర పడిపోతుంది. అప్పు తీసుకున్నవాడు ఆ తక్కువ ధరకి బాండు కొని సంస్థకి అప్పగించి తన బాకీ కొట్టేయించుకోవచ్చు. 2022లో రేట్లు పెరిగినప్పుడు ఎంతోమంది అలా చేసి అసలు తగ్గించుకున్నారు. వేరే దేశాల్లో రేట్లు పెరిగితే గుండెలు బాదుకుంటారు, అక్కడ బాకీ తగ్గించుకునే అవకాశం దొరికింది. డెన్మార్క్ కుటుంబాల అప్పు ప్రపంచంలోనే ఎక్కువ ఉన్న వాటిలో ఒకటి. అందుకే ఎంత అప్పుందన్న ఒక్క అంకె చూసి దేశం బలహీనంగా ఉందో లేదో చెప్పలేం. ఆ అప్పు వంగుతుందా, విరుగుతుందా అని చూడాలి.

వంగనిస్తే బ్యాంకులు దాన్ని అడ్డం పెట్టుకుని చెడ్డ ఖాతాలు దాచుకుంటాయని మీ భయం. జపాన్ గురించి రాసిన నేనే ఆ భయాన్ని కాదనలేను. కానీ దాచుకోవడానికి వీలయ్యేది తర్వాత ఎప్పుడో ఆఫీసరు ఇష్టాయిష్టాల మీద ఇచ్చే సడలింపు. మొదటి రోజే ఒప్పందంలో రాసి, ఉద్యోగం పోవడం, వరద రావడం లాంటి బయట నుంచి రుజువు చేయగల కారణానికే వర్తిస్తే దాచేది ఏముంది? అలాంటి అప్పుకి వడ్డీ కాస్త ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో ప్రభుత్వాలిచ్చిన వాయిదా విరామాలని ఆ 90 రోజుల లెక్కలో కలపొద్దని చెప్పింది మీరే. ప్రపంచమంతా ఒకేసారి కూలితే వంగిన గీత ఒక్క మనిషి కూలినప్పుడు వంగదా?

ప్రభుత్వ బాండ్ల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. సొంత కరెన్సీలో ఉన్న ప్రభుత్వ అప్పుకి రిస్క్ సున్నా అనుకునే వెసులుబాటు ఇచ్చారు. యూరప్ ఆ సున్నాని గ్రీసుకి కూడా వర్తింపజేసింది. 2012లో ఆ బాండ్ల ముఖ విలువలో 53.5 శాతం కోత పడింది. వాటిని కొని పెట్టుకున్న సైప్రస్ బ్యాంకులు మునిగితే 2013లో బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో లక్ష యూరోలకి పైబడిన డిపాజిట్లలో 47.5 శాతం షేర్ల కింద మారిపోయింది. సున్నా అనే అంకె వెల అది. అంకె బాగున్నా బ్యాంకు నిలబడుతుందని లేదు. అమెరికాలో 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క రోజులో 42 బిలియన్ డాలర్లు వెళ్ళిపోయాయి. అదే నెలలో అమ్మకం ఖరారైన స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ స్విస్‌కి అంతకు ముందు డిసెంబరు లెక్కల్లో మేలైన మూలధనం 14.1 శాతం ఉంది, మీరడిగే కనీసం 4.5. అంకెలు నిలబడే ఉన్నాయి, నమ్మకం లేచిపోయింది.

మంచి రోజుల్లో పక్కన పెట్టుకుని చెడ్డ రోజుల్లో వాడుకొమ్మని 2010లో మీరు పెట్టిన అదనపు మూలధన నిల్వ చక్కటి ఆలోచన. సున్నా నుంచి 2.5 శాతం దాకా అన్నారు. చాలా దేశాలు సున్నా దగ్గరే ఆగిపోయాయి. 2020 మార్చిలో విడుదల చేద్దామంటే విడుదల చేయడానికి కొద్ది దేశాల దగ్గరే ఏదో ఉంది. బ్రిటన్ దగ్గర 1 శాతం ఉంటే సున్నాకి దించింది. మామూలు రోజుల్లోనే ఆ నిల్వని సున్నాకి పైన ఉంచే పద్ధతిని 2022లో మీరు మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే చాలదు, కనీసం ఎంతో అంకె రాయండి. ఏ దేశపు అధికారీ జోరుగా సాగుతున్న రోజుల్లో ఒంటరిగా బ్రేకు వేయలేడు. 2004 నుంచి 2006 మధ్య రిజర్వ్ బ్యాంకు ఇళ్ళ అప్పులకి రిస్క్ వెయిట్ 50 నుంచి 75కి, వాణిజ్య స్థిరాస్తికి 100 నుంచి 125కి, తర్వాత 150కి పెంచింది. అప్పట్లో మా బ్రాంచీల్లో అందరం విసుక్కున్నాం, నేను కూడా. ఇంకెవరూ చేయనిది మాకెందుకని. 2008లో నోరు మూసుకున్నాం. 2023 నవంబరులో వ్యక్తిగత అప్పులకి 100 నుంచి 125కి పెంచినప్పుడు కూడా అదే విసుగు, అవే మాటలు. పై నుంచి మీ అంకె ఉంటే విసుగు మీ మీదకి మళ్ళుతుంది. స్థానిక అధికారి కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. మీరు దూరంగా ఉన్నారు, తట్టుకోగలరు.

వీటిలో ఏదీ చేయలేకపోయినా ఒకటి చేయండి. బ్యాంకులు మూడు నెలలకోసారి బయటపెట్టే వివరాల పట్టికలు మీరే తయారు చేశారు. అందులో ఒక కాలమ్ చేర్చండి. ఈ మూడు నెలల్లో ఇచ్చిన అప్పులో ఉన్న ఆస్తి చేతులు మారడానికి ఎంత పోయింది, కొత్తగా ఏదైనా తయారు కావడానికి ఎంత పోయింది. ఇల్లు తాకట్టు పెట్టి మెషిన్ కొన్నవాణ్ణి ఎటు వేయాలని మీ స్టాఫ్ అడుగుతారు. మెషిన్ వైపు వేయమనండి.

ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లోన్ ఆఫీసరు